సాపేక్ష బల సూచిక (ఆర్‌ఎస్‌ఐ)

సాపేక్ష బల సూచిక సాంకేతిక విశ్లేషణలో వాడే ఒక కొలమానం. షేరు, సరుకు, కరెన్సీ వంటివాటి ధర ఇటీవల పెరిగిన రోజుల్లో సగటున ఎంత పెరిగిందో, తగ్గిన రోజుల్లో సగటున ఎంత తగ్గిందో పోల్చి, ఫలితాన్ని 0 నుంచి 100 లోపు ఒకే అంకెగా ఇస్తుంది. మార్కెట్లో దీన్ని ఆర్‌ఎస్‌ఐ అనే పిలుస్తారు. అంకె 70 దాటితే కొనుగోళ్లు శ్రుతిమించిన ‘ఓవర్‌బాట్’ స్థితి అనీ, 30 కిందికి దిగితే అమ్మకాలు శ్రుతిమించిన ‘ఓవర్‌సోల్డ్’ స్థితి అనీ సాధారణ లెక్క. ఈ వ్యాసంలోని ఉదాహరణల్లో కొన్ని నాయుడుపేట, తిరుపతి, చిత్తూరు ప్రాంతాలతో సంబంధమున్న కంపెనీల నుంచి తీసుకున్నవి.

నిర్వచనం, పరిధి

ఆర్‌ఎస్‌ఐ ఊగిసలాట సూచికల తరగతికి చెందుతుంది. ఈ తరగతి సూచికలు ధరను కాక, ధర కదిలే వేగాన్ని కొలుస్తాయి. కంపెనీ లాభనష్టాలు, అప్పులు, ఆస్తులు, యాజమాన్యం తీరు ఏవీ ఈ లెక్కలోకి రావు. స్వర్ణముఖిలో గంటకు ఎన్ని అడుగుల నీరు పెరుగుతోందో తెలిసినంత మాత్రాన నది లోతు తెలియనట్టే, ఆర్‌ఎస్‌ఐని బట్టి షేరు అసలు విలువకు ఎంత ఎగువన, ఎంత దిగువన ఉందో తెలియదు. అందుకే ఓవర్‌బాట్‌ను ‘ఖరీదైనది’ అనీ, ఓవర్‌సోల్డ్‌ను ‘చౌక’ అనీ అర్థం చేసుకోకూడదు. ఈ సూచిక వాడకంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

ఒక షేరు పనితీరును మరో షేరుతో గానీ నిఫ్టీ వంటి సూచీతో గానీ పోల్చే ‘సాపేక్ష బలం’ వేరే కొలమానం. ఆర్‌ఎస్‌ఐ ఒక షేరు పెరుగుదలను అదే షేరు తగ్గుదలతోనే పోలుస్తుంది.

పుట్టుక, వ్యాప్తి

ఈ సూచికను రూపొందించినవాడు అమెరికాకు చెందిన జె. వెల్స్ వైల్డర్ (1935–2021). మెకానికల్ ఇంజనీరుగా శిక్షణ పొంది, స్థిరాస్తి వ్యాపారం చేసి, ఆ తర్వాత సరుకుల ఫ్యూచర్స్ ట్రేడింగ్‌లోకి వచ్చాడు. 1978లో వెలువడిన ‘న్యూ కాన్సెప్ట్స్ ఇన్ టెక్నికల్ ట్రేడింగ్ సిస్టమ్స్’ అనే పుస్తకంలో ఆర్‌ఎస్‌ఐని వివరించాడు. సగటు వాస్తవ శ్రేణి, పారాబోలిక్ ఎస్‌ఏఆర్, ఏడీఎక్స్ కూడా ఆ ఒక్క పుస్తకంలోవే. ఈనాటి ప్రతి చార్టింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ నాలుగూ ఉంటాయి.

అప్పటికి వాడుకలో ఉన్న మొమెంటమ్ లెక్కల్లో వైల్డర్‌కు రెండు లోపాలు కనిపించాయి. నేటి ధర నుంచి పది రోజుల కిందటి ధరను తీసేసే పద్ధతిలో, ఈరోజు ధర కదలకపోయినా, పది రోజుల కిందటి ధర ఎక్కువ తక్కువగా ఉంటే ఫలితం ఎగిరిపడేది. పైగా ఫలితానికి పై హద్దు, కింది హద్దు లేవు. దాంతో ఒక సరుకు మొమెంటమ్‌ను మరో సరుకుతో పోల్చడం కుదిరేది కాదు. సగటులు తీయడంతో మొదటి లోపం తగ్గింది, 0–100 కొలతతో రెండోది పోయింది. చేత్తో లెక్క వేసుకునే ఆ రోజుల్లో, నిన్నటి రెండు సగటులు రాసిపెట్టుకుంటే నేటి అంకె వచ్చేలా అమర్చడం కూడా ఈ సూచిక వ్యాప్తికి తోడ్పడింది.

తెలుగు ప్రాంతంలో ఇలాంటి సూచికలు సామాన్య మదుపరి చేతికి రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. 1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఫ్లోర్ మీద కేకలు వేస్తూ బేరాలు సాగే కాలంలో, రోజువారీ ముగింపు ధరలకు మరుసటి రోజు పత్రికే ఆధారం. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ తెరల మీద ట్రేడింగ్ ప్రారంభించింది. 2000లో ఇంటర్నెట్ ట్రేడింగ్‌కు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అనుమతి ఇచ్చింది. హైదరాబాద్ ఎక్స్ఛేంజీ గుర్తింపు 2007లో రద్దయింది. మొబైల్ యాప్‌లు వచ్చాక ఆర్‌ఎస్‌ఐ చార్టు కింద ఒక తాకుతో తెరుచుకుంటోంది. దాని వెనకున్న లెక్క మాత్రం చాలామందికి తెలియకుండానే ఉండిపోతోంది.

లెక్కించే తీరు

వైల్డర్ ఎంచుకున్న వ్యవధి 14 రోజులు. మొదట 14 రోజుల ముగింపు ధరల మార్పులను తీసుకుంటారు. పెరిగిన మొత్తాలన్నీ కలిపి 14తో భాగిస్తే సగటు లాభం, తగ్గిన మొత్తాలన్నీ కలిపి 14తోనే భాగిస్తే సగటు నష్టం వస్తాయి. పెరిగినవి ఎనిమిది రోజులే అయినా భాగించేది 14తోనే.

ఆర్‌ఎస్‌ఐ = 100 × సగటు లాభం ÷ (సగటు లాభం + సగటు నష్టం)

ఒక షేరు 14 రోజుల్లో పెరిగిన రోజుల మొత్తం 42 రూపాయలు, తగ్గిన రోజుల మొత్తం 14 రూపాయలు అనుకుందాం. సగటు లాభం 3, సగటు నష్టం 1. ఆర్‌ఎస్‌ఐ 75. అంటే ఓవర్‌బాట్.

పదిహేనో రోజు షేరు 8 రూపాయలు తగ్గిందనుకుందాం. ఇప్పుడు పాత సగటును 13తో గుణించి, నేటి మార్పును కలిపి, 14తో భాగించాలి. సగటు లాభం 39÷14, సగటు నష్టం 21÷14 అవుతాయి. ఆర్‌ఎస్‌ఐ 100 × 39 ÷ 60, అంటే 65. ఒక్క రోజులో సూచిక 70 గీత దిగింది. వైల్డర్ మెత్తబరచిన సగటు అనేది ఈ పద్ధతినే. ఇందులో పాత రోజులు ఒక్కసారిగా జారిపోవు, వాటి ప్రభావం రోజురోజుకూ పలచబడుతుంది.

ఆచరణలో దీనివల్ల రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, సగటు ఎంత వెనకటి తేదీ నుంచి మొదలైందనే దాన్ని బట్టి అంకె కొద్దిగా మారుతుంది. ఒకే షేరుకు రెండు యాప్‌లు రెండు ఆర్‌ఎస్‌ఐలు చూపడానికి తరచూ ఇదే కారణం, ఏ ఒక్కటీ తప్పు కాకపోవచ్చు. రెండోది, బోనస్, షేరు విభజన వంటివి జరిగినప్పుడు పాత ధరలను సర్దాలి. 2015లో అరబిందో ఫార్మా ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. అలాంటి రోజున ధర సగానికి వస్తుంది, మదుపరి ఆస్తి మాత్రం తగ్గదు. సర్దని డేటాతో లెక్కిస్తే సూచిక లేని పతనాన్ని చూపిస్తుంది.

వ్యవధి తగ్గిస్తే సూచిక చురుకవుతుంది, పెంచితే నెమ్మదిస్తుంది. 9, 21 రోజుల వ్యవధులు వాడుకలో ఉన్నాయి. స్వల్పకాల ట్రేడింగ్‌కు ల్యారీ కానర్స్ ప్రచారం చేసిన 2 రోజుల ఆర్‌ఎస్‌ఐలో 70–30 గీతలు పనికిరావు, అక్కడ 90–10 గానీ 95–5 గానీ చూస్తారు. రోజులకు బదులు నిమిషాలు, వారాలు, నెలలు కూడా తీసుకోవచ్చు.

ఓవర్‌బాట్, ఓవర్‌సోల్డ్ రీడింగులు

అంకె 70 దాటగానే అమ్మడం, 30 దిగగానే కొనడం అందరికీ ముందుగా తోచే వాడకం. బలహీనమైనదీ అదే. ధర ఒక శ్రేణిలో పైకీ కిందికీ తిరుగుతున్నంత కాలం ఇది ఫలిస్తుంది. బలమైన ధోరణి మొదలైతే విఫలమవుతుంది, ఆ వైఫల్యం పెద్ద నష్టంతో వస్తుంది.

2020 ఫిబ్రవరి 28న నిఫ్టీ సుమారు 11,200 దగ్గర ముగిసింది. వరసగా ఆరు సెషన్లు పడిన తర్వాత రోజువారీ ఆర్‌ఎస్‌ఐ అప్పటికే 30 కిందికి దిగింది. కరోనా భయంతో అమ్మకాలు ఆగలేదు. మార్చి 23న సూచీ 7,610 దగ్గర ముగిసింది. ఓవర్‌సోల్డ్ అని ఫిబ్రవరి చివర కొన్నవారి పెట్టుబడి మరో 32 శాతం కరిగింది.

ఈ ఇబ్బందికి కొందరు విశ్లేషకులు గీతలు సర్దుకోవడమే మార్గమన్నారు. ఆండ్రూ కార్డ్‌వెల్, కాన్స్టాన్స్ బ్రౌన్‌ల శ్రేణి సూత్రాల ప్రకారం, పెరిగే మార్కెట్లో ఆర్‌ఎస్‌ఐ సుమారు 40 నుంచి 80–90 మధ్య తిరుగుతుంది, పడే మార్కెట్లో 10–20 నుంచి 60 మధ్య తిరుగుతుంది. బుల్ మార్కెట్లో 40 దగ్గరకు దిగిన ఆర్‌ఎస్‌ఐ మద్దతుగా, బేర్ మార్కెట్లో 60 దగ్గరకు ఎక్కిన ఆర్‌ఎస్‌ఐ నిరోధంగా పనిచేస్తాయని వారి వాదన. మార్కెట్ ఏ దశలో ఉందో ముందే తేల్చుకోవలసి రావడం ఈ సూత్రాల్లోని చిక్కు.

కొందరు గీత దాటినప్పుడు కాక, గీత దాటి వెనక్కి వచ్చినప్పుడు మాత్రమే నిర్ణయం తీసుకుంటారు. 70 పైకి వెళ్లి మళ్లీ 70 కిందికి వస్తే అమ్మకం, 30 కిందికి వెళ్లి మళ్లీ 30 పైకి వస్తే కొనుగోలు. శిఖరం, పాదం రెండూ చేజారతాయి గానీ, పరిగెత్తే ధరకు ఎదురు నిలిచే అపాయం తగ్గుతుంది. 50ని మధ్యరేఖగా తీసుకుని, దానికి ఎగువన ఉన్నంత కాలం కొనుగోలుదారులదే పైచేయిగా భావించడం మరో వాడకం.

డైవర్జెన్స్, ఫెయిల్యూర్ స్వింగ్

ధర కొత్త గరిష్ఠానికి చేరినా ఆర్‌ఎస్‌ఐ తన పాత గరిష్ఠాన్ని దాటలేకపోతే దాన్ని బేరిష్ డైవర్జెన్స్ అంటారు. ధర కొత్త కనిష్ఠానికి దిగినా ఆర్‌ఎస్‌ఐ అంతకు ముందటి కనిష్ఠం కన్నా పైనే ఆగితే బుల్లిష్ డైవర్జెన్స్. పరుగు సాగుతున్నా వేగం తగ్గుతోందని దీని భావం. వైల్డర్ దీనికి చాలా ప్రాధాన్యం ఇచ్చాడు. అయితే సుదీర్ఘమైన ధోరణిలో డైవర్జెన్స్‌లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఏమీ జరగకుండానే పోవచ్చు. చార్టును వెనక్కి తిప్పి చూసినప్పుడు ఫలించినవే కళ్లకు కనిపిస్తాయి.

ఫెయిల్యూర్ స్వింగ్‌కు ధరతో పని లేదు, సూచిక కదలికే చాలు. ఆర్‌ఎస్‌ఐ 76కు వెళ్లి, 62కు దిగి, మళ్లీ 68 దాకా మాత్రమే ఎక్కి, ఆపైన 62ను కూడా కోల్పోతే అది పై ఫెయిల్యూర్ స్వింగ్. కింది వైపున దీనికి తలకిందులుగా జరుగుతుంది.

సంబంధిత సూచికలు

స్టోకాస్టిక్ సూచిక ఆర్‌ఎస్‌ఐ కన్నా పాతది. 1950లలో జార్జ్ లేన్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇటీవలి గరిష్ఠ, కనిష్ఠ ధరల మధ్య నేటి ముగింపు ఎక్కడుందో చెబుతుంది. దీనికి 80, 20 గీతలు. ల్యారీ విలియమ్స్ రూపొందించిన శాతం–ఆర్ ఇదే లెక్కను 0 నుంచి మైనస్ 100 కొలతలో చూపుతుంది. డొనాల్డ్ లాంబర్ట్ 1980లో ప్రకటించిన కమోడిటీ చానెల్ సూచికకు పై, కింది హద్దులు లేవు, ప్లస్ 100, మైనస్ 100లను మైలురాళ్లుగా చూస్తారు. మనీ ఫ్లో సూచిక ఆర్‌ఎస్‌ఐ లెక్కకు ట్రేడింగ్ పరిమాణాన్ని జోడిస్తుంది. జాన్ బోలింజర్ పట్టీలు 20 రోజుల సగటుకు ఇరువైపులా రెండు ప్రామాణిక విచలనాల దూరంలో ఉంటాయి.

వీటిలో మూడు నాలుగింటిని ఒకే చార్టు మీద పెట్టి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయని ధైర్యపడటం తరచూ కనిపించే అలవాటు. మనీ ఫ్లో సూచికను మినహాయిస్తే ఇవన్నీ ధరల నుంచే పుట్టినవి కనుక, వాటి ఏకాభిప్రాయం కొత్త సాక్ష్యం కాదు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు షేర్లలో

హెరిటేజ్ ఫుడ్స్, 2024. చంద్రగిరి మండలం నారావారిపల్లెకు చెందిన నారా చంద్రబాబు నాయుడు 1992లో స్థాపించిన ఈ పాల ఉత్పత్తుల కంపెనీలో ప్రమోటర్లు ఆయన కుటుంబ సభ్యులు. 2024 జూన్ 3న షేరు సుమారు 424 రూపాయలు. జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చి, ఆయన నాయకత్వంలోని తెలుగుదేశం కూటమి గెలిచింది. ఆ తర్వాత షేరు వరసగా అప్పర్ సర్క్యూట్‌ను తాకుతూ జూన్ 7న 661 రూపాయలకు, జూన్ 10న 720 రూపాయలకు పైగా వెళ్లింది. రోజువారీ ఆర్‌ఎస్‌ఐ జూన్ 5 నాటికే 70 గీతకు ఎగువన ఉంది. ఆ రోజు ఓవర్‌బాట్ అని అమ్మినవారు తర్వాతి మూడు సెషన్ల పెరుగుదలను వదులుకున్నారు. శిఖరం దగ్గర కొన్నవారి పరిస్థితి మరోలా మారింది. ఆ ధర నిలవక, 2025 తొలి నెలల్లో షేరు 400 రూపాయల లోపుకు వచ్చింది. సూచిక చెప్పినది అబద్ధం కాదు, అది ఎప్పుడు నిజమవుతుందో మాత్రం అంకెలో లేదు.

ఈ ఉదాహరణలో మరో పాఠం సర్క్యూట్ల గురించి. అప్పర్ సర్క్యూట్‌లో చిక్కిన షేరుకు అమ్మేవారు ఉండరు. ఎక్స్ఛేంజీ విధించిన హద్దు దగ్గరే ముగింపు ధర ఆగుతుంది. ఆ ధరతో లెక్కించిన ఆర్‌ఎస్‌ఐ అసలు గిరాకీని పూర్తిగా ప్రతిబింబించదు. లోయర్ సర్క్యూట్‌లోనూ ఇంతే, ఓవర్‌సోల్డ్ అని తెలిసినా అమ్ముకుని బయటపడే దారి ఉండదు.

అరబిందో ఫార్మా, 2023. నాయుడుపేట 2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ రోజు ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. ఈ మండలంలోని మేనకూరు ప్రత్యేక ఆర్థిక మండలిలో అరబిందో అనుబంధ సంస్థ ఏపీఎల్ హెల్త్‌కేర్‌కు మందుల తయారీ యూనిట్ ఉంది. మాతృసంస్థ షేరు 2023 ఫిబ్రవరిలో సుమారు 400 రూపాయలకు పడింది, అదే ఏడాది నవంబరులో 1,000 దాటింది. ఈ ప్రయాణంలో వారపు ఆర్‌ఎస్‌ఐ పలుమార్లు 70 పైకి వెళ్లింది. మొదటిసారి గీత దాటగానే అమ్మినవారికి పెరుగుదలలో కొంతే దక్కింది. హెరిటేజ్‌లో పరుగు కొన్ని సెషన్లలో ముగిసింది, ఇక్కడ నెలల తరబడి సాగింది. రెండు సందర్భాల్లోనూ మొదట గీత దాటిన రోజున సూచిక ఇచ్చిన సంకేతం ఒక్కటే.

సత్యం కంప్యూటర్స్, 2008–09

ధరల్లో కనిపించని ప్రమాదాన్ని ఆర్‌ఎస్‌ఐ పసిగట్టలేదనడానికి హైదరాబాద్ కంపెనీ సత్యం కన్నా పెద్ద ఉదాహరణ తెలుగువారికి లేదు. ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థల కొనుగోలు ప్రకటించి వెనక్కి తీసుకున్నాక, 2008 డిసెంబరు 17న షేరు సుమారు 30 శాతం పడింది. తర్వాత తేరుకుని 2009 జనవరి 6న 179 రూపాయల దగ్గర ముగిసింది. మరుసటి ఉదయం ఛైర్మన్ బి. రామలింగరాజు ఖాతాల్లో అక్రమాలు జరిగాయని ఒప్పుకుంటూ రాసిన లేఖ వెలుగు చూసింది. ఆ రోజు ముగింపు సుమారు 40 రూపాయలు. జనవరి 9న, తర్వాతి సెషన్‌లో, సుమారు 24.

జనవరి 6 సాయంత్రానికి సూచిక దగ్గరున్నవి ధరలు మాత్రమే. ఆ ధరల వెనకున్న ఖాతాలు నిజమో కాదో అది చెప్పలేదు. 40 రూపాయల దగ్గర ‘ఇంత పడ్డాక ఇంకేం పడుతుంది’ అని కొన్నవారి సొమ్ములో ఒక్క సెషన్‌లోనే సుమారు 40 శాతం పోయింది. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున బిడ్ గెలిచింది. ఆ కోలుకోవడం ప్రభుత్వం కొత్త బోర్డును నియమించి వేలం జరపడం వల్ల వచ్చింది. చార్టు చూసి దాన్ని ఊహించే వీలు లేదు.

సరుకుల మార్కెట్లలో

వైల్డర్ ఆర్‌ఎస్‌ఐని రూపొందించింది సరుకుల ఫ్యూచర్స్ కోసమే. నిజామాబాద్ డెలివరీ కేంద్రంగా సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో సాగే పసుపు ఫ్యూచర్స్‌లో ట్రేడర్లు దీన్ని వాడతారు. ఒక నెల కాంట్రాక్టు ముగిసి మరో నెలది మొదలయ్యేటప్పుడు ధరలో వచ్చే ఎడం సూచికను తప్పుదారి పట్టిస్తుంది. పంట మార్కెట్‌కు వచ్చే కాలంలో ధర ఏటా ఒత్తిడికి లోనవుతుంది కనుక, ఆ రోజుల్లో తక్కువ రీడింగ్ సహజం.

ఫ్యూచర్స్ లేని, నిల్వ ఉండని పంటకు ఆర్‌ఎస్‌ఐని వర్తింపజేయడంలో అర్థం లేదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో మొదటి రకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. అక్కడి ధర ఆ రోజు వచ్చిన సరుకు, దాని రకం, బయటి రాష్ట్రాల లారీలను బట్టి నిర్ణయమవుతుంది. నిన్నటి కాయ, నేటి కాయ ఒకే సరుకు కావు. టమాటా ధర ఎక్కువ కాలం ఎక్కువగా ఉండదని రైతుకు తెలుసు, కానీ ఆ తెలివిడి తోటల్లోని కాపును చూసి వస్తుంది.

పరిశోధన, ఖర్చులు, నియంత్రణ

ఆర్థిక శాస్త్ర పరిశోధన ఆర్‌ఎస్‌ఐ వెనకున్న భావనను పూర్తిగా సమర్థించదు, పూర్తిగా తోసిపుచ్చదు. బాగా నష్టపోయిన షేర్లు మూడు నుంచి ఐదేళ్లలో ఇతర షేర్ల కన్నా మెరుగ్గా కోలుకుంటాయని డి బాంట్, థేలర్ 1985లో చూపారు. నెల వ్యవధిలో ధరలు వెనుదిరిగే ధోరణిని జగదీశ్ 1990లో గుర్తించాడు. మూడు నుంచి పన్నెండు నెలల వ్యవధిలో మాత్రం పెరిగినవే పెరుగుతాయని 1993లో జగదీశ్, టిట్‌మన్ తేల్చారు. వెనుదిరగడం, కొనసాగడం రెండూ మార్కెట్లో ఉన్నాయి. తేడా వ్యవధిలో ఉంది. 14 రోజుల సూచిక సంకేతాలు ఒకచోట ఫలించి మరోచోట బెడిసికొట్టడానికి ఇది ఒక వివరణ.

సంకేతాలను వెంబడించే కొద్దీ ఖర్చులు పెరుగుతాయి. బ్రోకరేజీ, సెక్యూరిటీస్ లావాదేవీల పన్ను ప్రతిసారీ ఉంటాయి. ఏడాదిలోపు అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభంపై పన్నును 2024 జులై 23 నుంచి 15 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. ఆప్షన్లలో దిశ సరిగ్గా ఊహించినా, ఆలస్యమైతే ప్రీమియం కరిగిపోతుంది. ఓవర్‌సోల్డ్ షేరు వారం తర్వాత లేస్తే షేరు కొన్నవారికి లాభం, గడువు తీరిన కాల్ ఆప్షన్ కొన్నవారికి సున్నా. సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. వీరంతా ఆర్‌ఎస్‌ఐ చూసి ట్రేడ్ చేశారని కాదు. చురుకైన ట్రేడింగ్‌లో ఏ సాధనం వాడేవారైనా ఎదుర్కొనే వాతావరణం ఇది.

సూచికను వివరించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫలానా షేరు ఆర్‌ఎస్‌ఐ 28కి దిగింది కాబట్టి కొనండని ప్రతిఫలం తీసుకుని చెప్పడం మాత్రం సిఫారసు కిందికి వస్తుంది. అలా చెప్పేవారు 2014 నాటి రీసెర్చ్ అనలిస్ట్ నిబంధనల కింద సెబీ వద్ద నమోదై ఉండాలి. పాఠం పేరుతో టిప్పులు ఇవ్వడాన్ని అరికట్టేందుకు 2025 జనవరిలో సెబీ మరో సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రకారం, మదుపరుల విద్యలో మాత్రమే ఉన్నామని చెప్పేవారు గడిచిన మూడు నెలల మార్కెట్ ధరలను ఆధారం చేసుకుని షేర్ల భవిష్యత్ ధర గురించి మాట్లాడరాదు, సలహా ఇవ్వరాదు.